గోడెక్కిన చేతిరాత

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. బడి కట్టిన కథ, తొలి హెడ్మాస్టరు గారి క్రమశిక్షణ, వార్షికోత్సవ నాటకాలు, జిల్లా పోటీల్లో గెలిచిన షీల్డులు, వీటి గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ సంచికలోనే చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏళ్లు కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ణి. అందుకని ఒక చరిత్ర వ్యాసమే రాస్తున్నాను. విషయం మన ఊరిది కాదు, మన దేశానిదీ కాదు. అమెరికాలో పుట్టిన క్యూబా సంతతి చిత్రకారుడు హొసే పర్లా గురించి, ఆయన వెనుక ఉన్న గోడరాతల చరిత్ర గురించి.

ఇంత దూరపు మనిషి మన సావనీరులోకి ఎందుకు వచ్చాడని మీరు అడగవచ్చు. ఆయన బొమ్మల్లో చెట్టూ పుట్టా ఉండవు, మనుషుల ముఖాలు ఉండవు. ఉండేది చేతిరాత. అది కూడా చదవడానికి వీలు కాని చేతిరాత. తల్లిదండ్రులు వదిలి వచ్చిన దేశాన్నీ, తాను పెరిగిన వీధినీ ఆయన ఆ రాతలోనే దాచుకున్నాడు. ఈ సంఘంలో ఉన్న మనలో సగం మంది పిల్లలు ఇవాళ వేరే దేశాల్లో ఉన్నారు. వాళ్ల పిల్లలు మన రాత చదవలేరు. చదవలేని రాత వారసత్వంగా మిగులుతుందా, మిగలదా? పర్లా బొమ్మల ముందు నిలబడితే నాకు ఎదురైన ప్రశ్న అదే. దానికి జవాబు వెతకాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

సముద్రం దాటిన కుటుంబాలు

1959 జనవరిలో క్యూబాలో విప్లవం గెలిచింది. బతిస్తా ప్రభుత్వం పడిపోయి ఫిడెల్ కాస్ట్రో అధికారంలోకి వచ్చాడు. ఆ తరువాతి సంవత్సరాలలో లక్షలమంది క్యూబన్లు అమెరికాకు తరలివెళ్లారు. మొదట ఆస్తులున్నవారు, చదువుకున్నవారు వెళ్లారు. తరువాత మామూలు కుటుంబాలు. 1965 నుంచి 1973 దాకా ఇరు ప్రభుత్వాల ఒప్పందం మీద విమానాలు నడిచాయి. 1980లో మరియెల్ రేవు నుంచి పడవల మీద కొద్ది నెలల్లోనే దాదాపు 1,25,000 మంది ఫ్లోరిడా చేరారు. వీరిలో చాలామందికి గమ్యం మయామీ నగరమే. అక్కడ 'లిటిల్ హవానా' అనే పేట వెలిసింది. కాఫీ అంగళ్లు, చుట్టలు చుట్టే దుకాణాలు, డొమినో ఆడుకునే ముసలివాళ్లు, అన్నీ క్యూబాలో ఉన్నట్టే. లేనిది క్యూబా మాత్రమే.

పర్లా 1973లో ఆ మయామీలో పుట్టాడు. తల్లిదండ్రులు క్యూబన్లు. బాల్యం కొంత ప్యూర్టోరికోలో గడిచింది, తిరిగి మయామీకే వచ్చారు. ఇంట్లో స్పానిష్, బయట ఇంగ్లీషు. ఇంట్లో పెద్దలు చెప్పే హవానా వీధులు ఆయన చూసినవి కావు. వేరే దేశంలో పెరిగే మన మనవలకు 'మా తాతయ్య ఊరు' అంటే ఎలాగో, ఆయనకు హవానా అలాగ. విన్న ఊరే గానీ నడిచిన ఊరు కాదు.

1980ల తొలినాళ్లకు మయామీ వీధుల్లోకి న్యూయార్కు నుంచి ఒక గాలి వచ్చింది. రికార్డు పాటలు, నేల మీద గిరగిర తిరిగే బ్రేక్ డాన్సు, గోడల మీద రంగు డబ్బాలతో రాతలు. పదేళ్లు నిండీ నిండని వయసులో పర్లా ఆ గాలిలో పడ్డాడు. గోడల మీద ఆయన రాసుకున్న మారుపేరు 'ఈజ్'. తరువాత కాలంలో ఆయన ఏం గీసినా దానికి మూలం ఆ కుర్రతనపు సంతకమే.

పేరు రాసుకోవడం అనే నేరం

గోడ మీద రాయడం మానవజాతికి కొత్త కాదు. అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాంపే నగరపు గోడల మీద ఎన్నికల ప్రచారాలు, ప్రేమ కబుర్లు, తిట్లు రెండు వేల ఏళ్ల నాటివి ఇప్పటికీ ఉన్నాయి. కానీ మనం ఈనాడు 'గ్రాఫిటీ' అనే ఉద్యమం అమెరికా నగరాల్లో 1960ల మధ్యలో మొదలయింది. ఫిలడెల్ఫియాలో 'కార్న్‌బ్రెడ్' అనే మారుపేరుతో ఒక నల్లజాతి యువకుడు ఊరంతా తన పేరు రాసి పెట్టాడు. తరువాత న్యూయార్కు వంతు వచ్చింది.

అక్కడ 'టాకి 183' అన్న పేరు ప్రసిద్ధం. టాకి అనేది ఒక గ్రీకు కుటుంబపు కుర్రవాడి ముద్దుపేరు, 183 అతనుండే వీధి నంబరు. ఉత్తరాలు, పొట్లాలు బట్వాడా చేసే పని కాబట్టి నగరమంతా తిరిగేవాడు. తిరిగిన చోటల్లా మార్కర్ పెన్నుతో పేరు రాసేవాడు. 1971 జూలైలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక అతని మీద వార్త వేసింది. అది చూసి వందలమంది పిల్లలు మార్కర్లు పట్టుకున్నారు. 1972లోనే నగరం గోడరాతల మీద చట్టం తెచ్చింది. రాతలు ఆగలేదు. గోడల మీద నుంచి భూగర్భ రైళ్ల మీదికి ఎక్కాయి. రైలు కదిలితే పేరు కూడా ఊరంతా తిరుగుతుంది కదా!

ఎవరీ పిల్లలు? ఎక్కువమంది నల్లజాతివారు, ప్యూర్టోరికో తదితర స్పానిష్ మాట్లాడే కుటుంబాలవారు, పేద పేటలవారు. నగరం అప్పుల్లో మునిగిన కాలం అది. బ్రాంక్స్ ప్రాంతంలో భవనాలకు భవనాలే తగలబడి పాడుబడ్డాయి. నగరంలో పెద్ద అక్షరాలతో పేరు రాయించుకునే హక్కు కంపెనీలకు ఉంది, డబ్బు కట్టి బోర్డు పెట్టుకోవచ్చు. ఈ పిల్లలకు ఆ డబ్బు లేదు. రంగు డబ్బా ఉంది. తప్పో ఒప్పో, 'నేనిక్కడ ఉన్నాను' అని చెప్పడానికి వాళ్లు ఎంచుకున్న దారి అది. పాడైన గోడ ఇంటివాడిదీ, తుడిచే ఖర్చు ఊరిదీ అన్న సంగతి కూడా చరిత్రకారుడు మరచిపోకూడదు. 1989 మే నెలలో రాతలున్న చివరి రైలును పట్టాల మీద నుంచి తీసేశామని అధికారులు ప్రకటించేదాకా ఆ పోరు సాగింది.

ఇందులో నాకు నచ్చిన మాట ఒకటుంది. ఈ గోడల మీద రాసేవాళ్లు తమను 'ఆర్టిస్టులు' అనుకోలేదు, 'రైటర్లు' అనుకున్నారు. రాసేవాళ్లు! నోటు పుస్తకాల్లో ఒకే పేరును వందలసార్లు రాసి సాధన చేసేవారు. ఆ పుస్తకాలను 'బ్లాక్ బుక్' అనేవారు. పెద్దవాడి పుస్తకంలోని అక్షరం వొంపును చిన్నవాడు దిద్దుకునేవాడు. మన కాపీరైటింగ్ పుస్తకానికీ దానికీ తేడా ఏముంది? మన పుస్తకంలో మాస్టారు ఎర్ర ఇంకుతో 'బాగుంది' అని రాసేవారు, వాళ్ల పుస్తకంలో తోటి రైటర్లు సంతకం పెట్టేవారు. అంతే.

పోనుపోను ఆ అక్షరాలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని, బాణాలు కొక్కేలు మొలిచి, బయటివాళ్లు చదవలేని స్థితికి వచ్చాయి. దానికి 'వైల్డ్ స్టైల్' అని పేరు. చదవగలిగేది రాసేవాళ్ల గుంపులోవాళ్లే.

ఇది వింటే మన పాతతరం వారికి ఒకటి గుర్తు రావాలి. కరణం గారి గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా, అక్షరానికి అక్షరం తగిలించి, తలకట్లు ఎగరగొట్టి, గుడి దీర్ఘాలు గాలిలో కలిపేసి రాసే రాత. అడంగల్లో ఏముందో కరణం గారు చదివి చెబితే తప్ప రైతుకు తెలిసేది కాదు. 1984లో ప్రభుత్వం గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. పదవితో పాటు ఆ రాత నేర్పే ఆనవాయితీ కూడా పోయింది. మా నాన్నగారు కరణీకం చేసినవారే. ఒకచోట అధికారం చేతిలో ఉన్నవాడు చదవనివ్వని రాత, ఒకచోట ఏ అధికారమూ లేనివాడు చదవనివ్వని రాత. రెండింటిలోనూ రాత అంటే లోపలివాళ్లెవరు, బయటివాళ్లెవరు అని గీసిన గీతే.

రాత బొమ్మగా మారిన దారి

రాతను బొమ్మగా చూడటం పర్లాతో మొదలు కాలేదు. చైనాలోనూ, అరబ్బు దేశాల్లోనూ అందమైన చేతిరాత శతాబ్దాలుగా గొప్ప కళ. ఇరవయ్యో శతాబ్దిలో వేరే రకం ప్రయత్నం జరిగింది. అర్థాన్ని పక్కన పెట్టి, రాసే చేతి కదలికను మాత్రమే తీసుకున్నారు.

అమెరికన్ చిత్రకారుడు సై ట్వాంబ్లీ 1960ల చివర్లో బూడిదరంగు తెరల మీద తెల్లని సుడులు వరసలు వరసలుగా గీశాడు. చూస్తే అచ్చం బ్లాక్‌బోర్డు మీద సుద్దముక్కతో రాసినట్టుంటాయి. వాటికి 'బ్లాక్‌బోర్డు' చిత్రాలనే పేరు వచ్చింది. వాటిలో 1968 నాటి ఒకటి 2015లో వేలంలో 7 కోట్ల డాలర్లకు పైగా పలికింది. ఈ సంచిక చదివే ఉపాధ్యాయ మిత్రులు ఇక మీదట బోర్డు తుడిచేముందు ఒకసారి ఆలోచించుకోవాలి!

మనకు దగ్గరలోనూ ఒక పెద్దాయన ఉన్నారు. కె.సి.ఎస్. పణిక్కర్. 1911లో కోయంబత్తూరులో పుట్టారు. ఒకప్పుడు తెలుగువారికీ రాజధాని అయిన మద్రాసులో, మన కుర్రాళ్లు ఎందరో చదువుకున్న ఆర్ట్స్ స్కూలుకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. 1966లో మద్రాసు శివార్లలో చోళమండలం కళాకారుల గ్రామాన్ని నెలకొల్పారు. 1960లలో ఆయన గీసిన 'వర్డ్స్ అండ్ సింబల్స్' చిత్రాల్లో మలయాళ లిపిని పోలిన గీతలు, లెక్కల సూత్రాలు, జాతకచక్రాల గళ్లు నిండి ఉంటాయి. చదవబోతే అర్థం చిక్కదు. కానీ తాటాకు గ్రంథమో, తాతగారి జాతకమో చూస్తున్నామన్న భావన మాత్రం కలిగి తీరుతుంది. తన నేల వాసన తన బొమ్మలో ఉండాలంటే ఏం చేయాలన్న ప్రశ్నకు ఆయన లిపిలో జవాబు వెతుక్కున్నారు.

పర్లా ఈ రెండు దారులనూ వీధిలో కలిపాడు. చిన్నవయసులోనే స్కాలర్‌షిప్ వచ్చి సవానాలోని ఆర్ట్ కాలేజీలో చేరాడు, తరువాత మయామీలో చదివాడు, 1990లలో న్యూయార్కు చేరాడు. చిత్రకళ చదువుకున్నా వీధిని వదులుకోలేదు. ఏదో ఒక గోడను ఎదురుగా పెట్టుకుని ఉన్నదున్నట్టు దించడు. గోడ ఎలా తయారవుతుందో అలా తన బొమ్మను తయారుచేస్తాడు. రంగు వేస్తాడు, దాని మీద కాగితాలు, చిరిగిన పోస్టర్లు అతికిస్తాడు, గారలాంటిది పూస్తాడు, గీకుతాడు, మళ్లీ రంగు, ఆపైన పొడుగాటి చేతిరాత. తోచిన మాటలు, పేర్లు, జ్ఞాపకాలు మొదట చదవదగినట్టే రాసినా ఒకదాని మీద ఒకటి పడి చివరికి గీతల అల్లికగా మిగులుతాయి.

మన ఊళ్ల గోడలను గుర్తు చేసుకోండి. సున్నం మీద నీలంతో ఎన్నికల గుర్తు, దాని మీద ఎరువుల కంపెనీ ప్రకటన, దాని మీద సినిమా పోస్టరు, అది చిరిగితే అడుగున పాత అభ్యర్థి ఇంటిపేరులో సగం. ఏ చరిత్ర పుస్తకంలోనూ రాయని చరిత్ర ఆ పొరల్లో ఉంటుంది. చిన్నప్పుడు మనం బొగ్గూ దొండాకూ రుద్దిన పలక మీద ఎంత తుడిచినా నిన్నటి అక్షరం లీలగా కనబడుతూనే ఉండేది కదా. పర్లా బొమ్మ అలాంటి పలక. పైకి కనబడేది ఇవాళ్టి రాత. తదేకంగా చూస్తే నిన్నటిది, మొన్నటిది.

హవానా ముసలివాళ్లు

పర్లా పనుల్లో నేను అన్నిటికంటే పెద్దదిగా భావించేది కాన్వాసు మీద గీసినది కాదు. 2012లో హవానా ద్వైవార్షిక కళాప్రదర్శనలో చేసినది. ఫ్రెంచి కళాకారుడు జె.ఆర్. అప్పటికే 'ద రింకిల్స్ ఆఫ్ ద సిటీ', అంటే 'నగరపు ముడతలు' అన్న పేరుతో కొన్ని ఊళ్లలో వృద్ధుల ముఖాలను పెద్ద పెద్ద ఫోటోలుగా గోడలకు అంటిస్తున్నాడు. హవానాలో పర్లా ఆయనతో చేయి కలిపాడు. విప్లవకాలాన్ని కళ్లారా చూసిన 25 మంది వృద్ధులను కలిసి, వారి మాటలు విని, ఫోటోలు తీశారు. ఆ ముఖాలను అంతస్తుల ఎత్తున ఇళ్ల గోడలకు జిగురుతో అంటించారు. మన సినిమా పోస్టర్లు అంటించే పిండి జిగురు పద్ధతే. ఆ ముఖాల చుట్టూ, ముఖాల మీదుగా పర్లా తన చేతిరాత రాశాడు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ ఊళ్లో గోడల మీద అంతంత పెద్దగా కనబడేవి విప్లవ నాయకుల బొమ్మలు, నినాదాలు. వాటి నడుమ ఇప్పుడు పేరూ ఊరూ ఎవరికీ తెలియని ఒక ముసలమ్మ, ఒక ముసలాయన. గోడ గార పగుళ్లూ, ముఖం మీద ముడతలూ, ఆ చేతిరాత గీతలూ మూడూ ఒకటయిపోయాయి. ఏది ముడతో ఏది రాతో విడదీయలేం. తలరాత అన్న మాట మన భాషలో ఎందుకు పుట్టిందో ఆ ఫోటోలు చూస్తే తెలుస్తుంది.

ఇంకో సంగతి. రాసినవాడు ఆ ఊళ్లో పుట్టలేదు. తల్లిదండ్రులు వదిలి వచ్చిన ఊరికి వచ్చి, తాను మయామీ వీధుల్లో నేర్చిన రాతతో అక్కడి పెద్దల చుట్టూ రాశాడు. పెద్దలు తమ కథలు ఇచ్చారు, కుర్రవాడు తన చేయి ఇచ్చాడు. వారసత్వం అంటే పెట్టెలో పెట్టి అందించే వస్తువని మనం అనుకుంటాం. ఇక్కడ అది ఇద్దరూ కలిసి ఒక గోడ దగ్గర చేసిన పని.

వీధి నుంచి మేడకు

ఆ తరువాత పర్లాకు పెద్ద పెద్ద గోడలు దొరికాయి. 2012లో బ్రూక్లిన్‌లోని బార్‌క్లేస్ సెంటర్ అనే క్రీడాప్రాంగణంలో 'డైరీ ఆఫ్ బ్రూక్లిన్'. ఆ తరువాత ప్రపంచ వాణిజ్య కేంద్రం. 2001 సెప్టెంబరు 11న కూలిన జంట భవనాల స్థలంలో లేచిన 1,776 అడుగుల కొత్త భవనం ప్రవేశశాలలో ఆయన 'వన్: యూనియన్ ఆఫ్ ద సెన్సెస్' ఉంది. 90 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. ఒకప్పుడు గోడ మీద పేరు రాస్తే పోలీసులు తరిమిన నగరంలో, ఆ నగరం అన్నిటికంటే జాగ్రత్తగా కాపలా కాసే గోడ మీద, గోడరాతల పిల్లవాడి చేతిరాత.

దీన్ని విజయగాథగా చెప్పి ముగించేయడం సులువు. కానీ ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. వీధిలో రాత ఎవరినీ అడగకుండా రాసినది. అందులో తెగింపు ఉంది, ఫిర్యాదు ఉంది. కంపెనీ పిలిచి, డబ్బిచ్చి రాయించుకున్న రాతలో అది మిగులుతుందా? ఒకప్పుడు ఊరేగింపు దారిలో రాత్రికి రాత్రి వెలిసే ఎర్ర అక్షరాల నినాదాన్నీ, కాంట్రాక్టు మీద మునిసిపాలిటీ రాయించే 'పచ్చదనం పరిశుభ్రత' రాతనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తేడా మనకూ తెలుసు. నా మటుకు నేను ఇలా అనుకుంటాను. తెగింపు కొంత పోయింది, నిజమే. కానీ రైళ్ల మీద రాసినవాళ్ల రాతలు ఒక్కటీ ఇవాళ లేవు. ఫోటోలే ఉన్నాయి. 1984లో వచ్చిన 'సబ్‌వే ఆర్ట్' వంటి ఫోటో పుస్తకాలు లేకపోతే అదీ మిగిలేది కాదు. పర్లా పోరాటాన్ని మేడెక్కించలేకపోయినా, ఆ పిల్లల చేతి కదలికను ఎవరూ తుడిచేయలేని చోట నిలబెట్టాడు. చరిత్రలో బతికి బట్టకట్టేవి చాలావరకు ఇలాంటి రాజీలే.

ఒకే ప్రశ్న, రెండుసార్లు

మా అమ్మాయి కుటుంబం నార్త్ కరోలినాలో రాలీ నగరం దగ్గర ఉంటోంది. ఆ చుట్టుపక్కల తెలుగువారు చాలామందే. అక్కడి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో 2013లో తెరిచిన జేమ్స్ హంట్ లైబ్రరీ చూడదగినది. అడిగిన పుస్తకాన్ని మరమనిషి తెచ్చి ఇస్తుంది, ఇరవై లక్షల సంపుటాలు పట్టే ఏర్పాటు. అలాంటి యంత్రాల గ్రంథాలయంలో ఒక గోడ మీద పర్లా చేతిరాత ఉంది. దాని పేరు 'నేచర్ ఆఫ్ లాంగ్వేజ్', భాష స్వభావం. పోయినసారి వెళ్లినప్పుడు మా మనవణ్ణి తీసుకెళ్లాను. వాడికి పన్నెండేళ్లు. ఆ గీతలను ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, "ఇది ఏ భాష తాతయ్యా?" అని అడిగాడు. ఏ భాషా కాదన్నాను.

ఆ వారంలోనే, నేను దాచి తీసుకెళ్లిన మా నాన్నగారి కార్డు ఒకటి వాడికి చూపించాను. నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఆయన రాసినది, గొలుసుకట్టులో. వాడు తిప్పి తిప్పి చూసి అదే ప్రశ్న వేశాడు. "ఇది ఏ భాష తాతయ్యా?"

వాడు తెలుగు చక్కగా మాట్లాడతాడు. ఆ కార్డులో ఉన్న ప్రతి మాటా చదివి వినిపిస్తే వాడికి అర్థమయింది. ఫీజు కట్టారా, నూనె రాసుకుంటున్నావా, వానలు పడ్డాయి, ఆవు ఈనింది. కానీ కాగితం మీద వాడికి అవి గీతలే. పర్లా గోడ ఎంతో మా నాన్నగారి కార్డూ అంతే.

ఇక్కడే తేడా గమనించాలి. పర్లా గీతలు చదవలేకపోవడం ఆయన ఎంపిక. ఆయనకు తన ఇంటి భాష వచ్చు, రాత వచ్చు, అన్నీ వచ్చాక అక్షరాన్ని విప్పేశాడు. మన పిల్లల పిల్లలకు అది ఎంపిక కాదు, లోటు. ముడి వేయడం తెలిసినవాడు విప్పడం వేరు, ముడే తెలియనివాడి చేతిలో దారం చిక్కు పడటం వేరు. కాబట్టి 'చదవలేకపోయినా ఫరవాలేదు, చూసి ఆనందించండి' అని పర్లాను సాక్ష్యంగా తెచ్చి మనం ఊరట పొందలేం.

అయినా ఆయన దగ్గర నేర్చుకోవలసినది ఒకటుంది. ఆయనకు క్యూబా నేల అందలేదు, ఇల్లు అందలేదు. అందినవి మాటలూ, కథలూ. వాటిని ఆయన రోజూ చేత్తో రాశాడు. చిన్నప్పుడు నోటు పుస్తకంలో, తరువాత గోడ మీద, తరువాత కాన్వాసు మీద. 2021లో కోవిడ్ సోకి కొన్ని నెలలు కోమాలో ఉన్నాడు, మెదడులో రక్తస్రావమైంది. కోలుకున్నాక నడకతో సహా ఎన్నో మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. అంతటి జబ్బు తరువాత కూడా తిరిగి కుంచె పట్టి రాయడం మొదలుపెట్టాడు. 2024లో తాను పుట్టిన మయామీలో పెరెజ్ ఆర్ట్ మ్యూజియంలో ప్రదర్శన పెట్టి, ఆ మ్యూజియం గోడ మీదే పెద్ద చిత్రం వేశాడు. ఆ ప్రదర్శన పేరు 'హోమ్‌కమింగ్'. ఇంటికి రావడం. మనం ఈ స్వర్ణోత్సవానికి వాడుకుంటున్న మాటే.

సంతకానికి తెలుగులో 'చేవ్రాలు' అని మంచి మాట ఉంది. చేయీ, వ్రాలూ కలిసిన మాట. దాచిన కాగితానికి చెదలు పడుతుంది. చేతికి పట్టిన రాతను చెదలు తినలేదు. చేయి నుంచి చేతికి అందినంతకాలం అది బతుకుతుంది.

మన బడికి ఒక సూచన

ఉత్సవ కమిటీకి ఒక చిన్న విన్నపంతో ముగిస్తాను. శిలాఫలకాలు, జ్ఞాపికలు ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు, ప్రతి బ్యాచ్ నుంచి వచ్చేవారు తమ ఇంట్లో ఉన్న పాత చేతిరాత కాగితం ఒకటి తీసుకురండి. అమ్మ రాసిన కార్డు, నాన్న పద్దుల పుస్తకం, బామ్మ రాసుకున్న పాటల నోటు పుస్తకం, మాస్టారి ఎర్ర ఇంకు పడిన పాత పరీక్ష పేపరు, ఏదైనా సరే. రెండు రోజులు ఒక గదిలో వాటిని పెడదాం. ఎవరి కాగితం వారు తమ పిల్లలకు, మనవలకు పైకి చదివి వినిపించాలి. గొలుసుకట్టు చదవగలిగినవారు మనలో కొద్దిమందే మిగిలారు, వారిని ముందు వరసలో కూర్చోబెడదాం. వారు చదువుతుండగా రికార్డు చేసుకుందాం.

ఆ గదిలోనే ఒక బల్ల మీద పలకలూ బలపాలూ, పక్కన కాగితం, కలం ఉంచుదాం. అమెరికా నుంచి వచ్చిన పిల్లలైనా, పక్క వీధి నుంచి వచ్చిన పిల్లలైనా, తమ తాత పేరో అమ్మమ్మ పేరో ఆ పాత కాగితం చూసి తెలుగులో దిద్దాలి. వొంకరగా వస్తే రానివ్వండి. మన మొదటి 'అ' ఏమంత గుండ్రంగా వచ్చింది? డ్రాయింగు మాస్టారు ఒప్పుకుంటే, పడమటి వైపు ప్రహరీ గోడ ఈసారి సున్నం వేసి ఖాళీగా వదులుదాం. బాగా దిద్దిన పేర్లు ఆ గోడకెక్కుతాయి. దానికి హెడ్మాస్టరు గారి అనుమతి మాత్రం ముందుగానే తీసుకుందాం.